ముద్ర లేని బిళ్ళ: నాణెమా, టోకెనా, తూనికరాయా?

పాత ఇల్లు పడగొట్టినా, పెరట్లో గొయ్యి తవ్వినా, తాతల నాటి ట్రంకుపెట్టె తెరిచినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏదో ఒక గుండ్రటి లోహపు బిళ్ళ బయటపడుతూనే ఉంటుంది. దాని మీద రాజు తల ఉండదు, సంవత్సరం ఉండదు. ఒక్కోసారి ఒక అంకె, ఒక చిల్లు ఉంటాయి. ఒక్కోసారి అవీ ఉండవు. "ఇదేటి?" అని నలుగురికి చూపిస్తే నాలుగు జవాబులు వస్తాయి. పాతకాలం నాణెమని ఒకరంటే, గుడిలో ఇచ్చిన బిళ్ళని ఇంకొకరంటారు. బంగారం కలిసిందేమోనని మూడో మనిషికి ఆశ. పాత సామాన్ల కొట్లో వేసేయమని నాలుగో మనిషి సలహా.

ఇన్ని జవాబులు రావడానికి కారణం, అందరూ బొమ్మ కోసం వెతకడమే. బొమ్మ దొరక్కపోతే ఊహలు మొదలవుతాయి. అసలు గుండ్రటి లోహపు బిళ్ళల్లో నాణేలు ఒక భాగం మాత్రమే. తూకం వేయడానికి, హాజరు లెక్కపెట్టడానికి, సామాను అప్పగించడానికి, మూట మీద సీలు వేయడానికి, మొక్కు తీర్చుకోవడానికి, ఒంటి మీద పెట్టుకోవడానికి కూడా మనుషులు ఇలాంటి బిళ్ళలే చేయించుకున్నారు. కాబట్టి చేతికొచ్చిన బిళ్ళను చూసి మొదట అడగాల్సింది "ఇది ఏ పని చేసింది?" అని. ఆ పని తాలూకు గుర్తులు బరువులో, అంచులో, చిల్లులో, అరుగుదలలో మిగిలే ఉంటాయి. బొమ్మ అరిగిపోయినా అవి అంత తేలిగ్గా పోవు.

అన్నిటికంటే ముందు ఒక మాట. దొరికిన వెంటనే చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబు తళతళలాడించే అలవాటు మన చేతుల్లో ఉంది, పాత లోహం కనబడగానే చెయ్యి అటే పోతుంది. కానీ రాగి మీద పట్టిన పచ్చటి, గోధుమరంగు పొరలోనే చాలాసార్లు ఆఖరి అక్షరం దాక్కుని ఉంటుంది. పులుపు ఆ పొరను తినేస్తుంది, దానితో పాటు అక్షరాన్నీ తినేస్తుంది. ఇసుక, స్టీలు పీచు, ఆసిడ్ అయితే ఇంకా ఘోరం. మట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, వెదురు పుల్లతో మెల్లగా తీస్తే చాలు. ఆ తర్వాత గదిలో లైటు ఆపి, టార్చి వెలుగు పక్క నుంచి, బిళ్ళకు దాదాపు సమాంతరంగా పడేలా పట్టండి. నున్నగా ఉందనుకున్న బిళ్ళ మీద నీడలు లేస్తాయి. ఒక అంకె తోకో, ఒక వలయమో, కిరీటం అంచో కనబడొచ్చు. పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దినా ఇదే పని అవుతుంది.

తూకం చెప్పే కథ

కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కావాలి, గ్రాములో నూరో వంతు చూపించేది. దానితో పాటు వెర్నియర్ కాలిపర్, లేదా మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్కేలు. ఈ రెండూ ఉంటే చిక్కుముడిలో సగం విడిపోతుంది.

ఎందుకంటే బ్రిటిష్ కాలం నాణేలకు బరువు కట్టుబాటు గట్టిగా ఉండేది. వెండి రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46. రాగి చిల్లరలో అర్ధణా 12.95 గ్రాములు, 'కానీ' (పావు అణా) 6.47, అరకానీ 3.24, దమ్మిడీ 2.16. పూర్తిగా అరిగి నున్నగా మారిన ఎర్రటి బిళ్ళ మీ చేతిలో ఉందనుకోండి. అడ్డుకొలత 25.4 మిల్లీమీటర్లు, తూకం 6.1 గ్రాములు. 'కానీ' నాణెం వెడల్పు సరిగ్గా అంతే, బరువు ఆరు శాతం దాకా తగ్గింది. ఎన్నో ఏళ్ళు చేతులు మారిన నాణెం ఆ మాత్రం అరగడం మామూలే. దాని మీద రాణి ఉండేదో రాజు ఉండేదో తెలియకపోయినా, అది 'కానీ' అని గట్టిగానే చెప్పొచ్చు. అరుగుదలలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: బరువు తగ్గుతుంది, వెడల్పు పెద్దగా మారదు.

దీనికి తిరగేసిన కేసు ఒకటుంది. బరువు నాణేనికి సరిపోతుంది, వెడల్పు మాత్రం ఎక్కువ, కాస్త కోలగా సాగి ఉంటుంది, పల్చగా ఉంటుంది. రైలు పట్టా పక్కన పెరిగిన వాళ్ళకు ఇది వెంటనే తెలిసిపోతుంది. పట్టా మీద నాణెం పెట్టి, బండి వెళ్ళాక చదునైన బిళ్ళను ఏరుకోవడం పిల్లల ఆట. ఆమదాలవలస, పలాస, బొబ్బిలి లాంటి రైలు ఊళ్ళలో దొరికే నున్నటి పల్చటి బిళ్ళల విషయంలో ఈ అనుమానం ముందు తీర్చుకోవాలి.

అయస్కాంతం పరీక్ష క్షణంలో అయిపోతుంది కాబట్టి అదీ చేయండి. గట్టిగా అతుక్కుంటే రాగి, ఇత్తడి, వెండి, సీసం, అల్యూమినియం అన్నీ లెక్కలోంచి పోతాయి. మిగిలేవి ఇనుము, ఉక్కు, లేదా నికెల్. 1946, 1947లలో వచ్చిన నికెల్ నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి, తొంభైల నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి కూడా అంటుకుంటుంది. అయితే మట్టిలో దొరికి, అయస్కాంతానికి అంటుకుని, ఏ గుర్తూ లేని బిళ్ళల్లో ఎక్కువ భాగం కరెంటు స్విచ్‌బాక్సు రేకు డబ్బాల్లోంచి పైపు కోసం తట్టి ఊడగొట్టిన ముక్కలే. అవి చక్కగా గుండ్రంగా, నాణెం సైజులోనే ఉంటాయి. అంచున ఒకచోట తెగిన చిన్న ముక్కు కనబడితే ఇక సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష, నీళ్ళది. ఖర్చు లేనిది, బిళ్ళకు హాని చేయనిది. త్రాసు మీద గ్లాసు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను సన్నటి దారానికి కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో వేలాడదీయండి. త్రాసు చూపించే అంకె ఆ బిళ్ళ పక్కకు నెట్టిన నీటి బరువు. బిళ్ళ మామూలు బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇందాకటి 6.1 గ్రాముల బిళ్ళకు నీళ్ళలో 0.69 వచ్చిందనుకుందాం, భాగిస్తే 8.84. రాగి 8.96, ఇత్తడి సుమారు 8.4 నుంచి 8.7, వెండి 10.49, సీసం 11.34, జింకు 7.14, అల్యూమినియం 2.70, బంగారం 19.3. ఇంటి త్రాసులో వచ్చే చిన్న తేడా వదిలేస్తే మన బిళ్ళ రాగిదే. బంగారం కలిసిందేమోనన్న ఆశ కూడా ఇక్కడే తేలిపోతుంది, కంసాలి దగ్గర గీయించి బిళ్ళను పాడుచేసుకోనక్కర్లేదు. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలితో తుడిచి మళ్ళీ ముంచాలి. అర గ్రాము లోపు బిళ్ళలకు మాత్రం ఇంటి త్రాసుతో ఈ లెక్క నమ్మలేం.

తూనికరాళ్ళ గుట్టు కూడా ఇక్కడే బయటపడుతుంది. రూపాయి, తులం ఒకే బరువు కాబట్టి కంసాలులు, కిరాణా వర్తకులు వాడిన రాళ్ళు నాణేల బరువులతోనే కలుస్తాయి. ముద్ర లేని ఇత్తడి బిళ్ళ 11.6 గ్రాములు తూగితే అది తులం రాయి అయ్యుండడానికి చాలా అవకాశం ఉంది. 5.8 అయితే అరతులం. వెండి రూపాయి అరిగినా వెండి సాంద్రతే చూపిస్తుంది, ఇత్తడి రాయి ఇత్తడి సాంద్రతే చూపిస్తుంది, రెండూ కలగలిసిపోవు. ఇంకా అనుమానముంటే తిరగేసి చూడండి. తూనికరాయి ఒక వైపే ఎక్కువ అరుగుతుంది, ఎప్పుడూ అదే వైపు పళ్ళెంలో కూర్చుంటుంది కాబట్టి. కొన్నిటికి అడుగున చిన్న గుంట, ఆ గుంటలో సీసం నింపి ఉంటాయి. బరువు సరిచేయడానికి, తనిఖీ అధికారి ముద్ర వేయడానికి పెట్టిన చోటది. నాణేనికి అలాంటి అవసరమే లేదు. 1958 నుంచి దశలవారీగా మెట్రిక్ తూనికలు వచ్చాక తులాలు, సేర్లు, వీశల రాళ్ళన్నీ పనికిరాకుండా పోయాయి. అటకల మీద అన్ని బిళ్ళలు మిగిలిపోవడానికి అదొక కారణం.

అంచు, చిల్లు, అంకె

బిళ్ళను ఎలా తయారుచేశారో అంచు చెబుతుంది. టంకశాలలో అచ్చుకొట్టిన నాణేనికి చుట్టూ కాస్త లేచిన గట్టు ఉంటుంది, మరీ అరిగిపోకపోతే అది వేలికి తగులుతుంది. రేకులోంచి ప్రెస్సుతో కొట్టి తీసిన బిళ్ళకు ఒక వైపు అంచు నున్నగా వంగి, రెండో వైపు గరుకుగా లేచి ఉంటుంది. కత్తెరతో కోసినదైతే గుండ్రం కుదరదు, సన్నటి పలకలు పలకలుగా కనిపిస్తుంది. మధ్యలో సూదిమొనంత గుంట ఉంటే, ఎవరో వృత్తలేఖిని పెట్టి గీసి చేత్తో కోసినట్టు. చుట్టూ ఒకదాని లోపల ఒకటిగా గీతలుంటే తరిణ (లేత్) పట్టినట్టు, అంటే మూతో, తూనికరాయో అయ్యుండొచ్చు. పోతపోసిన వాటిలో చిన్న చిన్న గుంటలు, లోహం లోపలికి పోసిన చోట ఆకురాయితో అరగదీసిన మచ్చ ఉంటాయి. ఈ చివరి రకం దగ్గర నేను తొందరపడను. సారవకోట మండలం బుడితిలో ఇప్పటికీ కంచు, ఇత్తడి పోత పోస్తున్నారు. అక్కడి పనివాళ్ళు ఒక బిళ్ళను రాతి మీద తట్టి, మోగిన తీరును బట్టి కంచో ఇత్తడో చెప్పగలరు. పోత బిళ్ళ ఏదైనా దొరికితే అలాంటి చేతుల్లో ఒకసారి పెట్టడం మంచిది. పుస్తకాల్లో రాయని విషయం వాళ్ళు చెబుతారు.

చిల్లు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చిల్లు నడిమధ్యలో ఉందా, పై అంచున ఉందా, తయారీలోనే పెట్టారా, తర్వాత మేకుతో కొట్టారా అన్నది చూడాలి. నడిమధ్యలో నున్నటి పెద్ద చిల్లు, కంచు లోహం, 21 మిల్లీమీటర్ల వెడల్పు, 2 గ్రాముల బరువు ఉంటే, అది 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లికానీ. అరిగిపోతే అచ్చం వాషరులా ఉంటుంది, మెకానిక్కుల డబ్బాల్లో కలిసిపోయినవి బోలెడు. బొమ్మను చీల్చుకుంటూ మేకుతో కొట్టిన చిల్లు అయితే ఎవరో దండలోనో మొలతాడులోనో గుచ్చుకున్నారు. పై అంచున తయారీలోనే పెట్టిన చిల్లు, ఆ చిల్లు పై భాగంలో తాడో మేకో ఒరిసి పడిన అరుగుదల ఉంటే, అది రోజూ ఎక్కడో వేలాడిన టోకెను.

టోకెన్ల ప్రపంచం ఇక్కడ మొదలవుతుంది. ఈ రెండు జిల్లాల్లో దొరికే ముద్రలేని బిళ్ళల్లో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనవి ఇవే. నాణేలు కూడబెట్టేవాళ్ళు వీటిని పట్టించుకోరు, కొట్లో అయితే కిలోల లెక్కన ఇత్తడి ధర కడతారు. కానీ ఒక మనిషి ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి మిగిలిన ఒకే ఒక వస్తువు కొన్ని ఇళ్ళలో ఈ బిళ్ళే.

214 అనే అంకె, పై అంచున చిల్లు, ఇంకేమీ లేని ఇత్తడి బిళ్ళ ఒకటి తీసుకుందాం. అంకె ఒకే దెబ్బతో కాకుండా 2, 1, 4 విడివిడి పంచులతో కొట్టారు. ఒక అంకె కాస్త పక్కకు ఒరిగింది కాబట్టి ఆ సంగతి తెలుస్తోంది. అంటే బిళ్ళలు మూకుమ్మడిగా తెప్పించి, అంకెలు మాత్రం పనిచోటే కొట్టుకున్నారు. జూట్ మిల్లుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో హాజరుకూ పనిముట్లకూ వాడిన టోకెన్ల తీరు ఇదే. లోపలికి వెళ్ళేటప్పుడు మీ నంబరు బిళ్ళ తీసుకోవాలి, బయటికొచ్చేటప్పుడు బోర్డు మీద మేకుకు తగిలించాలి. స్టోరులో రెంచి కావాలంటే మీ బిళ్ళ ఇచ్చి తీసుకోవాలి, రెంచి తిరిగిచ్చేదాకా దాని జాగాలో మీ బిళ్ళ వేలాడుతుంది. నెల్లిమర్ల, చిట్టివలస లాంటి జూట్ మిల్లు ఊళ్ళలో అంకె ఒక్కటే ఉన్న బిళ్ళ దొరికితే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోవాలి.

అదే అంకె ఉన్న బిళ్ళలు రెండు దొరికితే కథ వేరు. సినిమా హాలు, బస్టాండు సైకిల్ స్టాండుల్లో జంట టోకెన్లు ఉండేవి, ఒకటి హ్యాండిల్‌కు తగిలించి రెండోది మన చేతిలో పెట్టేవారు. గుళ్ళ దగ్గర చెప్పుల స్టాండుల్లోనూ అంతే. ఇవి ఎక్కువగా పల్చటి అల్యూమినియం రేకు, వంకరపోయి ఉంటాయి. కాస్త మందంగా, బరువుగా, అందంగా అచ్చుకొట్టి, అంకె చుట్టూ గీత గీసి ఉన్న ఇత్తడి బిళ్ళ అయితే బ్యాంకుదో, ట్రెజరీదో కావచ్చు. కంప్యూటర్లు రాకముందు చెక్కు కౌంటర్లో ఇస్తే చేతికి ఇత్తడి టోకెను ఇచ్చేవారు, కేషియర్ నంబరు పిలిచేదాకా దాన్ని పట్టుకుని కూర్చోవడమే. నలభై దాటిన వాళ్ళకు ఆ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. కోలగా, అరచేతిలో సగం ఉండి, వెనక టంకం పెట్టిన కొక్కేల మచ్చలుంటే అది ఒంటి మీద పెట్టుకున్న బిళ్ళ. జమీందారీ కచేరీల్లో, కలెక్టరాఫీసుల్లో డవాలీ పట్టీ వేసుకున్న బంట్రోతుదో, స్టేషన్లో లైసెన్సు కూలీదో అయ్యుంటుంది.

ఒకటి రెండు అక్షరాలున్నా చాలు, కాలం ఇరుకవుతుంది. బి.ఎన్.ఆర్. అని ఉంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ల మీదుగా నడిచిన ఆ రైల్వే 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955లో సౌత్ ఈస్టర్న్ వేరుపడింది, 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పేరు ఉంటే 1950 తర్వాతిది, విజయనగరం జిల్లా పేరు ఉంటే 1979 తర్వాతిది. 1950కి ముందైతే గంజాం, విశాఖపట్నం జిల్లాల పేర్లే ఉంటాయి. మద్రాసు అని ఉంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953కు ముందుదని అనుకోవచ్చు. రైల్వేలో టోకెను అంటే మరో అర్థం కూడా ఉంది. ఒంటి లైను మీద బండికి దారి ఇచ్చినట్టు గుర్తుగా డ్రైవరుకు అందించే లోహపు బంతి. నీల్స్ బాల్ టోకెన్ అంటారు, మీద స్టేషన్ల గుర్తులు చెక్కి ఉంటాయి. అది బిళ్ళలా ఉండదు, ఎవరి ఇంట్లోనూ ఉండాల్సిన వస్తువూ కాదు.

ఈ ప్రాంతానికే చెందిన ఇంకో దారి ఉంది, దాన్ని మరిచిపోతే చాలా బిళ్ళలు అర్థం కావు. అదే వలస. పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాదిమంది అస్సాం తేయాకు తోటలకు, రంగూన్ రేవులకూ బియ్యం మిల్లులకూ వెళ్ళారు. చిల్లర నాణేల కొరత ఉన్న ఆ రోజుల్లో అస్సాం, సిల్హెట్ తోటల యజమానులు కూలి కింద సొంత టోకెన్లు ఇచ్చేవారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లోనూ, కలకత్తాలోనూ వాటిని కొట్టించేవారు. రాగి, ఇత్తడి బిళ్ళలు. కొన్నిటికి నడుమ చిల్లు, కొన్నిటి మీద తోట పేరు, కొన్నిటి మీద పొడి అక్షరాలు మాత్రమే. చదువు రాని కూలీకి కూడా తెలిసేలా సైజు, ఆకారం మార్చి విలువలో తేడా చూపించేవారు. తోట ఆఫీసులో ఇస్తేనే డబ్బు, తోట దాటితే దానికి విలువ లేదు. అలాంటి బిళ్ళ ఒకటి మార్చుకోకుండా మిగిలిపోయి, ఇంటికి తిరిగొచ్చిన మనిషి మూటలో చేరితే, నూరేళ్ళ తర్వాత టెక్కలి దగ్గరో సోంపేట దగ్గరో ట్రంకుపెట్టెలో కనబడుతుంది. దాన్ని మన రాజుల నాణేల పట్టికల్లో వెతికితే ఎప్పటికీ దొరకదు. ఇంట్లో ఎవరైనా అస్సాం, బర్మా, మారిషస్ వెళ్ళొచ్చారా అని ముందు అడగాలి. నిజం చెప్పాలంటే ఒక్క భూతద్దం కంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ బిళ్ళల్ని విప్పుతుంది.

సముద్రం ఒడ్డున సీసం, మట్టిలో రాగి

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఇసుకలో దొరికే బూడిదరంగు బిళ్ళలు చాలావరకు సీసం. గోటితో గీస్తే గీత పడుతుంది, కాగితం మీద గీస్తే పెన్సిల్లా నల్లటి చార వస్తుంది, సాంద్రత 11 దాటుతుంది. వీటిలో సింహభాగం వలకు కట్టిన సీసం, అలల్లో దొర్లి చదునైపోయినది. ఎదురెదురు అంచులను కలుపుతూ లోపల్నుంచి రెండు సన్నటి సొరంగాలుంటే అది సీలు. దారమో తీగో దూర్చి, పటకారుతో నొక్కి, గోనె మూటకో గూడ్సు వ్యాగనుకో వేసినది. అక్షరాలు నొక్కుడులో ఉంటాయి కాబట్టి పక్క వెలుగులో చూస్తే చదవొచ్చు.

కానీ సీసాన్ని వెంటనే పారేయకూడదు. సాతవాహనులు ఆంధ్రలో సీసం నాణేలు విరివిగా వేయించారు. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం పక్కన రామతీర్థం లాంటి బౌద్ధ క్షేత్రాలున్న నేల ఇది. మసకగా ఏనుగు, ఉజ్జయిని గుర్తుగా పిలిచే నాలుగు వలయాల శిలువ, బ్రాహ్మీ అక్షరాల ముక్క ఏదైనా కనబడితే ఇక అది వల సీసం కాదు. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, దాని మీది తెల్లటి పొడి విషం. చెక్కపెట్టెలో అసలే పెట్టకూడదు, చెక్కలోంచి వచ్చే ఆవిర్లకు అది ఏళ్ళ మీద పొడిపొడి అయిపోతుంది.

రాగిలో ఈ ప్రాంతానికే ప్రత్యేకమైనది ఒకటుంది. శ్రీకాకుళం కూడా ఒక భాగమైన ఉత్తర సర్కారుల కోసం ఈస్ట్ ఇండియా కంపెనీ 1794లో, మళ్ళీ 1797లో రాగి డబ్బులు కొట్టించింది. నలభై ఎనిమిది కలిస్తే ఒక రూపాయి అని వాటి మీద ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఒక వైపు కంపెనీ డాలు, రెండో వైపు హృదయాకారంలో కంపెనీ మూట గుర్తు. పూర్తిగా అరిగినవాటిలో కూడా పక్క వెలుగులో ఆ హృదయాకారపు అంచు తేలడం చూడొచ్చు. రూపాయికి అరవైనాలుగు వచ్చే కానీ లెక్కకు ఇది సరిపోదు, అందుకే బరువు చూసి తికమక పడతారు. ఇక 1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల నాణేలు మరీ కొత్తగా మెరుస్తూ కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మద్రాసుకు వీటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809లో ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయింది. దాంట్లోంచి తీసినవి ఇప్పుడు నాణేల మార్కెట్లో విరివిగా తిరుగుతున్నాయి. మన మట్టిలో దొరికినవైతే అంత మెరవవు.

తూర్పు గాంగుల బంగారు ఫణం గురించి కూడా చెప్పాలి. ముఖలింగం రాజధానిగా ఏలిన ఆ వంశం నాణెం చూస్తే నాణెం అనిపించదు. అర గ్రాము లోపు బరువు, మినపగింజ కన్నా కాస్త వెడల్పు, బొత్తాం విరిగిన ముక్కలా ఉంటుంది. ఒక వైపు పడుకున్న నంది, రెండో వైపు రాజు పాలనా సంవత్సరం అంకె. భూతద్దం లేకుండా నంది కనబడదు, చుక్కల గుంపులా తోస్తుంది. ముక్కుపుడక ముక్క అనుకుని కరిగించేసిన వాటికి లెక్క చెప్పగలిగేవాళ్ళు లేరు. ఇంత చిన్న బంగారు బిళ్ళ దొరికితే దయచేసి కంసాలి కుంపటి దాకా వెళ్ళనివ్వకండి.

రాముడి టంకా, బియ్యం లాగే నాణెం

ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఒక వైపు హనుమంతుడో సీతారాముల పట్టాభిషేకమో, రెండో వైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధణా, 1818 అని ఉన్న ఇత్తడి, రాగి బిళ్ళలు జాతర్లలో, ఫోన్లలో తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. రామటంకాలు పూజకోసం, యాత్రల గుర్తుగా కొట్టిన బిళ్ళలు. వెండివి, పాతవి కొన్నిటికి వాటి విలువ వాటికుంది, కానీ అవి చెలామణీలో ఉన్న డబ్బు కావు. దేవుడి గదిలో పెట్టుకోవడానికి అవి ఎంతో బాగుంటాయి. లక్షలు పెట్టి కొనడానికి కాదు.

బియ్యాన్ని లాక్కునే రాగి బిళ్ళ, దాంట్లో ఇరిడియం అనే అరుదైన లోహం ఉందని, విదేశీ సంస్థలు కోట్లు ఇస్తాయని చెప్పేది ఇంకా దారుణం. రైస్ పుల్లింగ్ పేరుతో మన రాష్ట్రంలో ఏళ్ళుగా కేసులు నమోదవుతూనే ఉన్నాయి. ఏ లోహమూ బియ్యపు గింజను లాగదు. గింజకు ఇనుప పొడి పట్టించి, బిళ్ళలోనో కింద పళ్ళెంలోనో అయస్కాంతం దాచి చూపిస్తారు. మీ వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెచ్చి చూపించమంటే ఏదో వంక చెబుతారు. పరీక్ష ఫీజు, శాస్త్రవేత్త రాకపోకల ఖర్చు, ఆయన వేసుకునే రక్షణ సూటు అద్దె అంటూ ముందస్తు డబ్బు అడగడమే అసలు వ్యాపారం. పొలం తాకట్టు పెట్టి మోసపోయిన కుటుంబాలున్నాయి. ఇంట్లో పాత బిళ్ళ ఉందని తెలిసి ఎవరైనా ఈ మాట ఎత్తితే అక్కడికక్కడే తలుపు వేసేయండి.

చట్టం సంగతి క్లుప్తంగా. తాతగారి పెట్టెలో దొరికింది మీదే. భూమిలో దాచి ఉన్నది దొరికితే మాత్రం 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒక్క బిళ్ళ సంగతి ఎలా ఉన్నా, కుండలోనో మూటలోనో గుంపుగా దొరికితే కదపకుండా తహసీల్దారుకు చెప్పడం అన్ని విధాలా మంచిది. గుంపులో ఏ నాణెం పక్కన ఏది ఉందన్నదే చరిత్రకారుడికి అసలు సాక్ష్యం, పంచుకుంటే అది పోతుంది. శాలిహుండం, శ్రీముఖలింగం లాంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు కింద వస్తుంది, సొంతంగా విదేశాలకు పంపకూడదు.

ఎవరికైనా చూపించాలనుకుంటే, రాష్ట్ర పురావస్తు శాఖ వాళ్ళకైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం వాళ్ళకైనా, బిళ్ళ ఫోటో ఒక్కటే పంపితే వాళ్ళు చేయగలిగింది తక్కువ. రెండు వైపులా, అంచు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోలు ఉండాలి. బరువు, వెడల్పు, మందం, అయస్కాంతానికి అంటిందా లేదా, నీళ్ళ పరీక్షలో వచ్చిన అంకె రాయాలి. ఏ ఊళ్ళో, ఏ చోట, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికిందో రాయాలి. ప్లాస్టిక్ కవరు బదులు చిన్న కాగితపు కవరులో వేసి, ఈ వివరాలన్నీ ఆ కవరు మీదే రాసిపెడితే బిళ్ళ, కథ విడిపోకుండా ఉంటాయి.

టోకెన్ల విషయంలో మాత్రం మ్యూజియం కంటే ముందు వెళ్ళాల్సిన చోటు ఇంకోటుంది. మిల్లులో, రైల్వేలో, బ్యాంకులో, సినిమా హాల్లో పనిచేసి రిటైరైన పెద్దలు. వాటి మీద అచ్చయిన పట్టికలు దాదాపు లేవు, జ్ఞాపకాలే ఉన్నాయి. బిళ్ళ చేతికిచ్చి అడగండి: బాబూ, ఇది ఎక్కడ వేలాడేది, ఎవరికిచ్చి ఏం తీసుకునేవారు, పోగొట్టుకుంటే జీతంలో ఎంత కోసేవారు? ఆ జవాబు తేదీతో సహా అదే కవరు మీద రాసుకోండి.